మిగిలిపోయిన గుడ్డ ఇస్తే దానం అవుతుందా?

పోయిన వారం వీడియోలో కఠోపనిషత్తు మొదలు చెప్పుకున్నాం కదా. నచికేతుడి తండ్రి ఉన్నదంతా ఇచ్చేసే యాగం తలపెట్టి, చివరికి ఎట్లాంటి ఆవుల్ని తోలిచ్చాడో విన్నారు. నీళ్ళు తాగే ఓపిక, గడ్డి మేసే ఓపిక అయిపోయినవి, పాలు ఎప్పుడో వట్టిపోయినవి, ఇంక ఈననివి. అది చూసినప్పుడే ఆ పిల్లవాడిలో శ్రద్ధ మేలుకుందని ఉపనిషత్తు అంటుంది. ఆ వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు: "మేం పాతబట్టలు ఇస్తుంటాం. అది కూడా వట్టిపోయిన ఆవును తోలినట్టేనా?"

వీడియోలో రెండు నిమిషాల్లో తేలే ప్రశ్న కాదు. అందుకే ఇక్కడ కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందు ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మనం ఇచ్చే బట్టల్లో చాలావరకు బీరువా ఖాళీ చేసుకోవడానికి ఇచ్చేవే. స్టీలు సామాన్ల మనిషి వీధిలోకి వస్తే కాస్త బాగున్న చీరలు ఆయన గంపలోకి పోతాయి, ఆయన కూడా వద్దన్నవి దానానికి పోతాయి. ఎక్కడ వరద వచ్చినా పాతబట్టల మూటలు బయల్దేరతాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్ళోకి వచ్చినప్పుడు జనం ఇళ్ళలోంచి బురద ఎన్ని రోజులు ఎత్తిపోశారో ఆ ఊరివాళ్ళకి చెప్పాల్సిన పనిలేదు. అట్లా బురదలో నిలబడిన మనిషి చేతిలో జిప్పు పోయిన ప్యాంటు పెడితే, ఇచ్చినవాడికి పుణ్యం సంగతేమో గానీ పుచ్చుకున్నవాడికి ఇంకో పని పెట్టినట్టు. దాన్ని ఎక్కడో పారెయ్యాలి కదా. ఇది ముసలి ఆవు కథే, సందేహం లేదు.

అయితే తప్పు "పాత" అనే మాటలో ఉందా? నాకు అట్లా అనిపించదు.

మన ఇళ్ళలో బిడ్డ పుడితే ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. పురుడు పోసేదాకా కొత్తబట్ట వెయ్యరు. జేజిదో అమ్మదో బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర చింపి, అందులో చుడతారు. ఇంట్లో అందరికన్నా అపురూపమైన మనిషికి అందరికన్నా పాతగుడ్డ! దిష్టి తగలకూడదని కొందరంటారు, కొత్తబట్ట గంజి ఒరుసుకుంటుందని కొందరంటారు. కారణం ఏదైనా, ఆ గుడ్డని ఎవరో ఎంచారు, ఉతికారు, బిడ్డ ఒంటిని తలుచుకొని చింపారు. అదే చీర ఇంకో రోజు మూటగట్టి ఎవరికో పడేస్తే పారేసిన గుడ్డ అవుతుంది. గుడ్డ మారలేదు.

గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెప్పే చోట కూడా కొత్తదా పాతదా అన్న లెక్క రాదు. చోటు, సమయం, పుచ్చుకునే మనిషి, ఇచ్చే తీరు, ఇవే వస్తాయి. చులకనగా ఇచ్చేదాన్ని కిందిరకంలో వేశాడు భగవంతుడు. అంటే కొత్త పట్టుచీర చులకనగా ఇచ్చినా అదే రకంలోకి పోతుంది.

ఇదంతా నాకు పుస్తకాల్లో కన్నా బొంత దగ్గర బాగా అర్థమైంది. ఆదోనిలో మా చిన్నమ్మ వాళ్ళ వీధిలో ఐదారుగురు ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట కూర్చొని బొంతలు కుడతారు, ఇవ్వడానికే. టైలరు షాపుల్లో కత్తెర కింద పడిపోయే పీలికలు గోతాల్లో తెచ్చుకుంటారు. ముందు వాటిని ఏరడమే పెద్ద పని. జాకెట్టు ముక్కల్లో సగం పాలిస్టరు ఉంటాయి, అవి చెమట పీల్చవు. మన సీమ ఎండల్లో పాలిస్టరు బొంతమీద ఎవరు పడుకుంటారు? లైనింగు గుడ్డ నూలుదైతే పనికొస్తుంది. ఎర్రవి, నీలివి ఒకసారి నీళ్ళలో వేసి రంగు దిగుతుందేమో చూస్తారు. తర్వాత పీలికల్ని ఒకదానికొకటి కలిపి పై గుడ్డ తయారు చేస్తారు. లోపల, కింద పాత నూలు చీరలు. ఐదున్నర మీటర్ల చీరని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది, మనిషి కొలత! ఆ తర్వాత సూది, దారం, దగ్గర దగ్గరగా కుట్లు, అంచు నుంచి లోపలికి తిరుగుతూ. కుట్టు దూరమైతే నాలుగు ఉతుకులకే లోపలి గుడ్డ ఉండ కడుతుంది.

అంతా అయినాక చిన్నమ్మ ఒకటే మాట అడుగుతుంది: "ఏమబ్బీ, నువ్వు పడుకుంటావా దీనిమీద?" మా ఆఫీసులో ఏ ప్రోగ్రామైనా జనానికి వదిలే ముందు పది రకాల టెస్టులు చేస్తాం. ఇంత సూటి టెస్టు ఒక్కటీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. బెంగళూరులో మా టీమ్‌లో ఒకతనికి ఇది చెప్తే వెంటనే లెక్కలోకి దిగాడు. ఒక బొంతకి అందరి గంటలూ కలిపితే 20 పైనే అవుతాయి. "నువ్వు ఆ గంటలు ఉద్యోగం చేసి ఆ డబ్బుతో హోల్‌సేల్‌లో కంబళ్ళు కొంటే ఎంతమందికి చలి తీరుతుంది? కుట్టుకుంటూ కూర్చోవడం నీ తృప్తి కోసమే కదా" అన్నాడు. మాట గట్టిదే. వరదరోజున వెయ్యిమందికి కప్పుకోవడానికి కావాలంటే కంబళ్ళు కొనాలి, బొంతలు కుడుతూ కూర్చోకూడదు. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు. (చిన్న మాట: ఆ చవక కంబళ్ళలో చాలావరకు హర్యానాలోని పానిపట్టువి. దేశదేశాల పాత ఉన్నిబట్టలు చీల్చి, పీచు తీసి, మళ్ళీ వడికి నేసినవి. కొత్తదనుకొని కొంటాం గానీ, అదీ పీలికల కొడుకే.)

కానీ అతని మాటలో రెండో సగం నన్ను చాలా రోజులు వదల్లేదు. మన మనసు కడుక్కోవడానికి ఇంకొకరి చలిని వాడుకుంటున్నామా? సేవ చేసే ప్రతివాళ్ళూ, ఇట్లాంటి ఛానెల్ నడిపే మేము కూడా, వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. కెమెరా ముందు దుప్పటి కప్పి ఫోటో దిగే దానాల్లో ఆ వాడకం కంటికే కనిపిస్తుంది. బొంతలో ఉండదా అంటే, ఉండొచ్చు. ఎన్ని గంటలు కుట్టానన్నదే నా గొప్పయితే, బొంత బరువెక్కి ఆరకపోయినా, పుచ్చుకున్నవాళ్ళు మొహమాటానికి దాచుకున్నా నాకు తెలీదు. నా కష్టం ఎక్కువైనంత మాత్రాన వాళ్ళ నిద్ర బాగుపడదు. దానానికి కొలత ఇచ్చేవాడి చేతినొప్పి కాదు.

ఇంకో సంగతి. ఊళ్ళల్లో బొంతలు కుట్టిపెడతామని ఇంటింటికీ వచ్చే ఆడవాళ్ళని చూసే ఉంటారు. చీరలు మనవి, కుట్టుపని వాళ్ళది. కూలి దగ్గర యాభై రూపాయలకి గంట బేరమాడి, ఆ బొంతని గుడి దగ్గర దానం చేస్తే ఆ దానం ఎవరిది? పత్తికొండ దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి, మన కర్నూలు జిల్లా బండలమీదే, ఇరవై రెండు వందల ఏళ్ళ పైనాటివి. ఆయన పదకొండో శాసనంలో ధర్మదానాన్ని మించిన దానం లేదంటాడు. అదేమిటో విప్పి చెప్పేటప్పుడు దాసులతో, కూలివాళ్ళతో సరిగ్గా నడుచుకోవడాన్ని మొదట్లోనే పెట్టాడు. తల్లిదండ్రుల సేవ, బంధువులకీ బ్రాహ్మణులకీ శ్రమణులకీ ఇవ్వడం ఆ తర్వాతి మాటలు. నాకైతే ఆ వరుస చాలా నచ్చింది. చిన్నమ్మ వాళ్ళ గుంపులో ఇద్దరు కూలికే కుడతారు. వాళ్ళ కూలి మిగతావాళ్ళు చందా వేసుకొని ఇచ్చేస్తారు, బొంత ఎవరికి పోయినా పోకున్నా.

ఇక ఆ బొంతలు ఎక్కడికి పోతాయంటే, సుగ్గికి పొయ్యేవాళ్ళకి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం వైపు వానలు మోసం చేసిన ఏడు ఊళ్ళకి ఊళ్ళే బయల్దేరతాయి. గుంటూరు పక్క మిరపకోతలకి, లేదంటే బెంగళూరు, హైదరాబాదు బిల్డింగు పనులకి. పిల్లలు, బియ్యం మూటలు, గిన్నెలు, పైన బొంతలు. జనవరి చలిలో మిరపచేల పక్కన పట్టాల గుడారాల్లో నేలమీద పడకలు. బొంత గురించి వాళ్ళకి మనం చెప్పేదేమీ లేదు, మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు. అందుకే ఇచ్చేటప్పుడు కొంచెం సిగ్గు ఉండాలని తైత్తిరీయంలో గురువు శిష్యుడికి ఎందుకు చెప్పాడో అక్కడ తెలుస్తుంది. పుచ్చుకునే మనిషి ఆ వస్తువు విలువ మనకన్నా బాగా కట్టగలిగినప్పుడు మన గొప్ప నిలవదు.

పోయిన ధనుర్మాసంలో ఒకామె బొంత తీసుకొని వెంటనే తిరగేసి చూసింది. కుట్లమీద వేలు పెట్టి పోనిచ్చింది. దండం పెట్టలేదు, చల్లగుండమనలేదు. "కుట్టు బాగుండాది గానీ పొట్టిదమ్మా. పిల్లోళ్ళు ముగ్గురుండారు, కాళ్ళు బైటికొస్తాయి" అంది.

పక్కనున్న ఒకావిడ "ఊరికే ఇస్తుంటే వంకలా" అని గొణిగింది. చిన్నమ్మ మాత్రం ఆ బొంత వెనక్కి తీసుకొని, నేలమీద పరిచి, ఆ ముగ్గురు పిల్లల్ని పక్కపక్కన పడుకోబెట్టి జానలతో కొలిచింది. జానెడున్నర తక్కువ. ఆ సాయంత్రమే కింద అంచుకి ఇంకో వరుస పీలికలు అతికి, తెల్లారి లారీ కదిలేలోపు తీసుకపోయి ఇచ్చింది. ఈ ఏడు మొదట్నించే రెండు కొలతల్లో కుడుతున్నారు. ఆదోని వైపు ఎవరైనా ఉంటే, టైలర్ల దగ్గర నూలు ముక్కలు వేరుగా కట్టి పెట్టించండి. పాలిస్టరు వద్దు.