అతిథి వైపు జరిగే నిప్పు

జపాన్ తేనీటి గదిలో ఋతువు మారితే ముందుగా చోటు మార్చుకునేది నిప్పు. మే నుంచి అక్టోబరు దాకా బొగ్గుల కుంపటి అతిథులకు ఎడంగా ఉంటుంది. నవంబరులో దాన్ని తీసేసి, చాపల మధ్య నేలలోకి దించి కట్టిన చదరపు పొయ్యి తెరుస్తారు. ఏప్రిల్ దాకా నీళ్ళు కాగేది అందులోనే.

ఈ రెండు కాలాల నడుమ చిక్కుకున్న అక్టోబరు అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఎండలు పోయాయి, పొయ్యి తెరిచే రోజు ఇంకా రాలేదు. అప్పుడు కుంపటిని చాప మధ్యకు, అతిథి వైపు కాస్త జరుపుతారు. మామూలుగా అతిథి పక్కన ఉండే చన్నీళ్ళ పాత్రను అవతలి పక్కకు మారుస్తారు. అంతే! ఎందుకు జరిపారో ఎవరూ చెప్పరు. చలి తగలకముందే ఎదుటివారి ఒంటి గురించి ఆలోచించిన మనసు ఆ కాస్త జరపడంలో తెలిసిపోతుంది. దాన్ని సేవ అనకుండా ఎలా ఉండగలం?

ఈ తేనీటి మార్గాన్ని తీర్చిదిద్దిన సెన్ నో రిక్యూ (1522–1591) క్యోటోలోని దైతోకుజీ ఆలయ గురువుల వద్ద జెన్ సాధన చేసినవాడు. తేనీటి మర్మమేమిటని ఒకరు అడిగితే, వేసవిలో చల్లగా, శీతకాలంలో వెచ్చగా అనిపించేలా చూడమనే మాట కూడా చెప్పాడట. ఇది తెలిసిందేగా అన్నాడు అడిగినాయన. తెలిసినదాన్ని చేసి చూపిస్తే తానే శిష్యుణ్ణవుతానన్నాడట రిక్యూ.

చేయడమంటే ఎలా ఉంటుందో చూడండి. చలికాలంలో వేడి నిలిచే లోతైన గిన్నె, వేసవిలో త్వరగా చల్లారే వెడల్పు గిన్నె. వేసవిలో బొగ్గుల దగ్గర సువాసనకు వేసేది చందనపు ముక్క. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి అంత దూరం వెళ్ళిన పరిమళమది. ఉరసెంకె అనే తేనీటి సంప్రదాయంలో పదకొండో గురువు గెంగెన్సాయ్ పెట్టిన పద్ధతి మరొకటుంది. మండు వేసవిలో చన్నీళ్ళ పాత్రకు తడి పచ్చటి ఆకే మూత. అతిథి దాన్ని చూశాక, ఆకును మడిచి, వాడిన నీళ్ళు పోసే గిన్నెలో వేసేస్తారు. చల్లదనం కంటికి అందింది, దాని పని అయిపోయింది.

సాధకుడికి అసలు పరీక్ష ఇంకోచోట ఉంది. నిప్పు చోటు మారితే తాను కూర్చునే దిక్కు మారుతుంది, గరిటె పెట్టే తీరు మారుతుంది. ఆరు నెలల అభ్యాసంతో చేతులు తమంతట తామే కదిలే వేళకు ఆ నేర్పును పక్కన పెట్టాలి. ఏళ్ళ తరబడి నేర్చినవారికీ ఏటా రెండుసార్లు ఈ తడబాటు తప్పదు. నేర్చానన్న అహం గట్టిపడకుండా కాపాడేది ఇదేనని నా నమ్మకం.

నిప్పుకే కాదు, తేయాకుకూ ఋతువుంది. మే నెలలో కోసిన ఆకును కూజాలో పెట్టి ముద్ర వేస్తారు. అక్టోబరుకు నిరుటి ఆకు అడుగంటుతుంది. అతికిన పాత గిన్నెలను ఆప్యాయంగా బయటికి తీసేది ఆ నెలలోనే. నవంబరులో పొయ్యి తెరిచే వేళ, అతిథుల ఎదుటే కొత్త కూజా ముద్ర కోస్తారు. లోపలున్న రకాల్లో ఏది కావాలో వారినే అడిగి, ఆ ఆకును తిరగలిలో విసిరి, ఆ ఏటి తొలి గిన్నెను వారి చేతికి అందిస్తారు.