దూరాన ఉన్న చేతికి ధర్మం

నాయనా, నీవు కూర్చున్న గదిలో నూనె వాసన లేదు, ఇనుప చప్పుడు లేదు. తెర మీద బొమ్మ కదిలినప్పుడల్లా ఎక్కడో దూరాన నీవు నడిపే రోబో ఉక్కు చేయి కదులుతుంది. ఆ చేయి పక్కన మనిషి ఉండవచ్చు. యంత్రం దగ్గర నిలిచినవాణ్ణి భయమే కాపాడుతుంది. నీకు ఆ కాపుదల లేదు కనుక, భయం చేయవలసిన పనిని నీవు తెలిసి, తలచి చేయాలి.

ఆ చేయి ఏం చేయగలదో విను. 1979 జనవరి 25న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫ్లాట్ రాక్ ఫోర్డ్ పోత కర్మాగారంలో రాబర్ట్ విలియమ్స్ అనే పాతికేళ్ల కార్మికుడు సరుకు కోసం అరల మీదికి ఎక్కాడు. రోబో చేయి వచ్చి అతని తలను మోదింది. అతడు నేలకొరిగిన తరువాత కూడా యంత్రం తన పని తాను చేసుకుపోయింది. రోబో వల్ల మరణించినట్టు లోకం ఎరిగిన తొలి మనిషి అతడు. 1983లో జ్యూరీ ఆ కుటుంబానికి కోటి డాలర్ల పరిహారం విధించింది. పరిహారం ప్రాణం కాదని నేను నీకు చెప్పనక్కరలేదు.

రోబోకు పని నేర్పేవాడి చేతిలో ఉండే నియంత్రణ పరికరం, టీచ్ పెండెంట్‌ను గమనించావా? దాని స్విచ్‌ను సగం నొక్కి పట్టుకుంటేనే చేయి కదులుతుంది. వదిలితే ఆగుతుంది. గట్టిగా బిగించినా ఆగుతుంది. బెదిరిన మనిషి చేతిలోది జారవిడుస్తాడు, లేదా పిడికిలి బిగిస్తాడు. ఆ రెండింటినీ ముందే తలచి చేసిన ఏర్పాటది. మనిషి బలహీనతను ఇంత దయతో లెక్కలోకి తీసుకున్న పనిముట్టును నేను మరొకటి ఎరుగను. రోబో చుట్టూ ఉన్న కంచె లోపల మనిషి ఉండి నేర్పే వేళ చేయి వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు మించరాదన్న నియమం కూడా ఆ దయలోనిదే.

నీ గదిలో ఆ దయకు ఆస్కారం తక్కువ. నీ చూపు కెమెరా చూసినంత మేరకే. నీ ఆజ్ఞ చేరడానికి అర సెకను ఆలస్యమైతే, సెకనుకు రెండు మీటర్లు పోయే చేయి ఆలోపు మీటరు దూరం పోతుంది. మనిషి రొమ్ముకూ యంత్రానికీ నడుమ అంత ఎడం ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? కనుక నీ తెర మీది స్టాప్ బటన్‌ను నమ్ముకుని ఎవరినీ లోపలికి పంపకు. సంకేతం తెగిన మరుక్షణం రోబో తానే ఆగిపోయేలా ఏర్పాటు ఉందో లేదో ముందు పరీక్షించు.

యంత్రం దగ్గర ఉన్నవాడు పెండెంట్ చేతికి తీసుకున్నాక అధికారం అతనిది. అప్పుడు నీ ఆజ్ఞ చెల్లకూడదు. అతడు ఆపినదాన్ని నీవు దూరం నుంచి తిరిగి నడపకూడదు. ఆగిన యంత్రాన్ని మళ్ళీ నడిపే మీట కంచె బయటే, లోపలంతా కనబడే చోటనే ఉండాలి. కరెంటు తీసినంత మాత్రాన చేయి నిర్జీవమైందని కూడా అనుకోకు. గాలి గొట్టాల్లో ఒత్తిడి మిగిలి ఉంటుంది, బ్రేకు సడలితే చేయి తన బరువుకే కిందికి వస్తుంది.

తెరను కూడా సందేహించు. 2017లో మిలాన్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం, సైబర్ భద్రతా సంస్థ ట్రెండ్ మైక్రో పరిశోధకులు ఒక పారిశ్రామిక రోబోను నెట్‌వర్క్ దారిన వశపరచుకోవచ్చని, దాని స్థితిని ఆపరేటరుకు తప్పుగా చూపించవచ్చని నిరూపించారు. మోటార్లు ఆగాయని తెర చెప్పినా, అక్కడున్న మనిషి నోట వినేదాకా ఆగు.

లోపలికి వెళ్ళే ప్రతివాడూ ముందుగా యంత్రపు కరెంటు మీటకు తన తాళం తానే వేస్తాడు, తాళంచెవి తన జేబులోనే ఉంచుకుంటాడు. ఒక్క తాళం మిగిలి ఉన్నా యంత్రం నీది కాదు. లైను ఆగిందని పైవారు తొందరపెట్టిన రాత్రి నీకు పరీక్ష వస్తుంది. ఆ తాళం ఎవరిదో కనుక్కో, అతనితో మాట్లాడు, వచ్చి తీసేదాకా వేచి ఉండు. ఎంతసేపు ఆపావో, ఎందుకు ఆపావో షిఫ్ట్ రిజిస్టరులో నీ సంతకంతో రాయి.