ఇంటి విలువ ఎవరి సొత్తు?

ఇంటిపన్ను వేయాలంటే ముందు విలువ అంటే ఏమిటో తేలాలి. హైదరాబాద్‌లో వార్షిక అద్దె విలువే ప్రాతిపదిక. ఇల్లు అద్దెకిస్తే ఎంత రావచ్చో ప్రాంతం, కట్టడం తీరు, విస్తీర్ణం చూసి లెక్కగడతారు. యజమానే ఉంటున్నా ఆ ఊహా అద్దే కొలమానం. ఆంధ్రప్రదేశ్ పట్టణాలు 2021లో మూలధన విలువకు, అంటే స్థలం, కట్టడాల ధరకు మారాయి. అక్కడ ఇళ్లపై పన్ను ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా ఉండవచ్చు. మరి అమ్మే ఉద్దేశమే లేని పింఛనుదారుకు, పక్కన రోడ్డు పడి ధర పెరిగినందుకు పన్ను పెరగడం న్యాయమా? నేల ధరను పెంచేది సమాజం గనుక ఆ పెరుగుదల సమాజానికే చెందాలని అమెరికన్ ఆర్థిక చింతకుడు హెన్రీ జార్జ్ 1879లో వాదించాడు. వాదన బలమైనదే. అయితే పెరిగిన ధర కాగితం మీదే ఉంటుంది, పన్ను నగదుగా కట్టాలి. ఏడాదికి 15 శాతానికి మించి పెంచరాదన్న ఆంధ్రప్రదేశ్ పరిమితి ఈ చిక్కును వాయిదా వేస్తుందే తప్ప తీర్చదు.