శిశువు పేరిట అంగడి

చదువవలసిన భాగములు: ఆదికాండము 4:1-10, మత్తయి 2:1-18



మన సంఘముల పిల్లలు కొందరు చదువుల నిమిత్తమును పనుల నిమిత్తమును జర్మనీ దేశములో నున్నారు. డిసెంబరు నెల వచ్చినప్పుడు వారు అచ్చటి క్రిస్మసు అంగళ్ల చిత్రములను ఇంటికి పంపుదురు. తల్లిదండ్రులు వాటిని ఫోనులో చూచి, ఇదేమి తిరునాళ్లు, ఇంత వెలుగు ఎక్కడిది అని ఆశ్చర్యపడుదురు. ఒక ఆగమన కాలమున, అట్టి అంగళ్లలో మిక్కిలి పేరుపొందిన నూరెంబర్గు అంగడిని చూచు భాగ్యము మాకు కలిగినది. మేము చూచినదానిలో కొంత కంటికి ఇంపైనది, కొంత మనస్సును పట్టి నిలిపినది. రెండును చెప్పుదుము.

నూరెంబర్గు జర్మనీకి దక్షిణమున బవేరియా రాష్ట్రములో పెగ్నిట్జు అను ఏటి ఒడ్డున నున్న ప్రాచీన పట్టణము. పట్టణము నడుమ రాళ్లు పరచిన పెద్ద బయలున్నది. ఆ బయలునకు తూర్పున ఫ్రావెన్‌కిర్ఖె అను దేవాలయము నిలిచియున్నది. ఆగమన కాలపు మొదటి ఆదివారమునకు ముందు వచ్చు శుక్రవారమున అక్కడ అంగడి తెరచెదరు. సుమారు 180 కొయ్య దుకాణములు, వాటిపై ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పు. మన వారపు సంతలో వలెనే వరుసలు తీర్చి పెట్టుదురు గాని, చలి మాత్రము మన ఎముకలు ఎరుగని చలి.

అక్కడ అమ్మువాటిని చూచితే మన పిల్లలు కదలరు. ఎండిన ఆల్‌బుఖారా పండ్లను తీగకు గుచ్చి, అక్రోటు కాయను తలగా పెట్టి, చొక్కా టోపీ తొడిగిన చిన్న మనుష్యులున్నారు. పలుచని ఇత్తడి రేకును మడతలు మడిచి చేసిన బంగారు వన్నె దేవదూతలున్నారు. తేనెయు సుగంధ ద్రవ్యములును కలిపి కాల్చిన ఒక విధమైన తీపి రొట్టె ఆ ఊరికి ప్రత్యేకము, లేబ్‌కూఖెన్ అందురు. దాల్చినచెక్క, లవంగము, ఏలకులు ఆ చలి దేశములో పండవు. పూర్వకాలమున అవి మన తూర్పు సముద్రముల మీదుగా వెనీసు పట్టణము చేరి, అచ్చటనుండి నూరెంబర్గు వర్తకుల చేతికి వచ్చినవి. ఆ రొట్టెను నోట పెట్టుకొన్నప్పుడు మన ఇంటి వంటగది వాసన తగిలినది. ద్రాక్షారసమును లవంగాలతో కాచి గిన్నెలలో పోసి యిచ్చుట కూడ అక్కడి వాడుక. దానిని మేము దూరమునుండి చూచి తృప్తిపడితిమి.

ఈ అంగడి ఎప్పటిది? ఆ ఊరి గొప్ప మ్యూజియములో పూలు చిత్రించిన కోలని చెక్క పెట్టె యొకటి భద్రముగా నున్నది. ఒక స్త్రీకి ఈ అంగడినుండి కానుకగా పంపినట్లు దాని అడుగున వ్రాసి, 1628 అని సంవత్సరము వేసినారు. అంతకు ముందే అంగడి యున్నదనుటకు అదే సాక్ష్యము. డ్రెస్డెను పట్టణపు అంగడి ఇంకను పాతది. అది 1434లో మొదలైనది.

అంగడి పేరు క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్. అనగా చిన్న క్రీస్తు శిశువు అంగడి. నూరెంబర్గు 1525లో లూథరు బోధను అంగీకరించిన పట్టణము. అంతకు పూర్వము పిల్లలకు కానుకలిచ్చునది నికొలాసు భక్తుని దినమున. కానుక నిచ్చువాడు భక్తుడు కాడు, బేత్లెహేములో పుట్టిన శిశువే యని పిల్లలకు నేర్పవలెనని సంస్కరణకర్తలు కోరిరి. మంచి కోరిక. 1842లో గుంటూరు వచ్చి సువార్త ప్రకటించిన హయ్యరు అయ్యగారును జర్మనీలోని హెల్మ్‌స్టెట్ అను ఊరిలో పుట్టినవారే గనుక, ఆ దేశపు క్రిస్మసు మనకు పూర్తిగా పరాయిది కాదు.

అంగడి తెరచునాడు ఒక కన్యక క్రీస్తు శిశువు వేషమున ఆ దేవాలయపు మేడమీద నిలిచి, క్రింద నున్న వేలాది జనులకు స్వాగతము పలుకును. తలపై బంగారు కిరీటము, పసిడి వన్నె ఉంగరాల జుట్టు. ఆ జుట్టు పెట్టుడు జుట్టు. 1969 మొదలుకొని రెండేండ్లకొకసారి ఆ ఊరి అమ్మాయిలలో ఒకతెను ఇందుకు ఎన్నుకొందురు. 2019లో ఎన్నికైన అమ్మాయి ఆ ఊరిలోనే పుట్టినది. తల్లి జర్మను దేశస్థురాలు, తండ్రి భారతీయుడు. ఇది చూచి ఒక రాజకీయ పక్షపు జిల్లా శాఖవారు ఆమె రూపమును ఎగతాళి చేయుచు వ్రాసిరి. దేశమంతటనుండి జనులు ఆమె పక్షము నిలువగా ఆ వ్రాతను తీసివేసిరి. ఆమె మేడ ఎక్కి తన మాటలు చెప్పినది.

ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగుదము. బంగారు జుట్టు లేనిది క్రీస్తు శిశువుగా నిలువరాదని తలంచినవారు, ఆ శిశువు నిజముగా ఎవరి బిడ్డయో మరచిరి. ఆయన దావీదు వంశపువాడు. యూదయ దేశపు పల్లెలో, యూదురాలైన మరియకు పుట్టి, ఎనిమిదవ దినమున సున్నతి పొందిన యూదుల బిడ్డ. లూకా దీనిని తన రెండవ అధ్యాయములో స్పష్టముగా వ్రాసియున్నాడు. ఈ సంగతిని ఆ బయలులో నిలిచి తలపోసినప్పుడు, అంగడి నిలిచిన నేలను గూర్చి చెప్పక తీరదు.

ఆ బయలు మొదటినుండి బయలు కాదు. ఏటికి ఇరువైపుల రెండు ఊళ్లుగా పెరిగిన పట్టణమునకు నడుమ పల్లపు నేల యుండెను. వరద వచ్చినప్పుడు మునుగు చిత్తడి నేల అది. అక్కడ యూదులు కాపురముండిరి. మంచి నేల ఇతరులది, పల్లపు నేల వారిది. మన పాలెములు ఎక్కడ వెలసినవో ఎరిగిన మీకు ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు. కాలక్రమమున పట్టణము పెరిగి ఆ పల్లమే ఊరి నడిబొడ్డు అయినది. అప్పుడు ఆ నేల అందరికి కావలసి వచ్చినది.

1349వ సంవత్సరము. ఐరోపా అంతట మహామారి తెగులు వ్యాపించుచుండెను. యూదులు బావులలో విషము కలుపుచున్నారని వదంతి పుట్టినది. ఆ దేశమున యూదులు రాజునకు పన్ను చెల్లించి, ఆయన కాపుదలలో నుండు ప్రజలు. అట్టి రాజైన నాలుగవ చార్లెసు, యూదుల ఇండ్లు పడగొట్టి అక్కడ అంగడి బయళ్లు చేసికొనుటకును, వారి సమాజమందిరమున్న చోట మరియ పేరిట దేవాలయము కట్టుటకును నవంబరు నెలలో పట్టణపు పెద్దలకు అనుమతి పత్రము వ్రాసి యిచ్చెను. డిసెంబరు 5న జనులు యూదుల మీద పడిరి. పురుషులు, స్త్రీలు, పిల్లలు సుమారు 560 మంది చంపబడిరి. అనేకులను అగ్నిలో కాల్చిరి. పత్రము ముందు వచ్చినది, చావు తరువాత వచ్చినదని గమనింపుడి. కోపము చేసిన హత్య మాత్రమే కాదు ఇది. స్థలము కొరకు చేసిన హత్య. నాబోతు ద్రాక్షతోటను గూర్చి చదివినవారికి ఇది క్రొత్త కథ కాదు.

ఆ డిసెంబరు మాసము కూడ ఆగమన కాలమే. మరియ పేరిట దేవాలయము లేచినది. మరియ బంధువుల ఇండ్ల బూడిదమీద లేచినది. ఆ చలికాలమున మరియ, యోసేపు, శిశువు ఆ పల్లపు వీధిలో కాపురముండినయెడల వారి గతి ఏమై యుండును? సత్రములో స్థలము లేకపోవుట ఒకటి. ఉన్న స్థలమునుండి ఈడ్చి కాల్చుట మరియొకటి.

దేవాలయపు ముందు గోడమీద 1509లో అమర్చిన యంత్రపు గడియారమున్నది. పగలు పన్నెండు గంటలకు ఏడుగురు రాజకుమారుల బొమ్మలు బయటికి వచ్చి, నడుమ కూర్చున్న చక్రవర్తి చుట్టు ప్రదక్షిణము చేయును. ఆ చక్రవర్తి ఎవరనుకొంటిరి? ఆ పత్రము వ్రాసి యిచ్చిన నాలుగవ చార్లెసే. 1356లో ఆయన రాజ్యమునకు చేసిన శాసనము జ్ఞాపకార్థము దానిని పెట్టిరి. చూచుటకు వచ్చినవారందరు తలలెత్తి ఫోనులు పైకెత్తిరి. మేమును తల యెత్తితిమి, తరువాత కాళ్లక్రింది రాళ్లను చూచితిమి. చంపబడిన తమ్ముని రక్తము నేలలోనుండి తనకు మొరపెట్టుచున్నదని దేవుడు కయీనుతో చెప్పెను. ఎన్ని ఏండ్లయిన తరువాత ఆ మొర ఆగునో లేఖనము చెప్పలేదు.

తరువాతి సంగతులు త్వరగా చెప్పుదుము. మరల వచ్చి చేరిన యూదులను 1499లో పట్టణమునుండి వెళ్లగొట్టి, 1850 వరకు వారిలో ఎవరిని కాపురము పెట్టనియ్యలేదు. 1933లో హిట్లరు పక్షమువారు అధికారమునకు రాగానే, ఇతర స్థలములకు మారిన అంగడిని ఆర్భాటముగా ఆ పాత బయలునకు తిరిగి తెచ్చిరి. బయలునకు హిట్లరు పేరు పెట్టిరి. 1935లో యూదుల పౌరత్వమును తీసివేసిన శాసనములు ఈ ఊరిలోనే ప్రకటించిరి. అందుకే వాటికి నూరెంబర్గు శాసనములని పేరు. 1938 ఆగస్టులో ఊరి పెద్ద సమాజమందిరమును పడగొట్టిరి. ఆ సంవత్సరము డిసెంబరులో యూదుల శిశువు పేరిట అంగడి యథాప్రకారము జరిగినది! దీపములు వెలిగినవి, రొట్టెలు అమ్ముడుపోయినవి, పిల్లలు సంతోషించిరి. అటువంటి క్రిస్మసు జరుగగలదని మనకు తెలిసియుండుట మంచిది.

యుద్ధము వచ్చి అంగడి ఆగినది. 1945 జనవరి 2న విమానముల దాడిలో పాత పట్టణము దాదాపు నేలమట్టమైనది. అది దేవుని తీర్పు అని ఊరకే చెప్పివేయుటకు మాకు నోరు రాదు; ఆ రాత్రి చచ్చినవారిలోను పిల్లలున్నారు. 1948లో శిథిలముల నడుమ అంగడి మరల తెరచిరి. తరువాతి తరమువారు తమ పితరులు చేసినదానిని దాచలేదు. 1628 నాటి పెట్టె యున్న మ్యూజియము ప్రక్కనే 1993లో మానవ హక్కుల మార్గమను పేరిట వరుస స్తంభములు నిలిపిరి. ఐక్యరాజ్య సమితి ప్రకటనలోని ముప్పది అంశములను ఒక్కొక్క దానిమీద చెక్కించిరి. దానిని రూపించిన శిల్పి ఇశ్రాయేలు దేశస్థుడైన డాని కరవాన్. వెళ్లగొట్టిన జనులలోనివాని చేత ఊరి వీధిలో రాళ్లు నిలిపించుకొనుట చిన్న సంగతి కాదు.

అంగడిని దూషించుటకు మేమిది వ్రాయలేదు. ప్రభువు సంతవీధులను ఎరిగినవాడు. వీధిలో పిల్లనగ్రోవి ఊదు పిల్లలను, పని దొరకక నిలిచిన కూలివారిని ఆయన తన ఉపమానములలోనికి తెచ్చుకొనెను. రూకలు లేనివారు వచ్చి కొనుడని యెషయా 55వ అధ్యాయములో దేవుడే అంగడివాని వలె పిలుచుచున్నాడు. 2016లో బెర్లినులోను, 2024లో మాగ్దెబుర్గులోను ఇట్టి అంగళ్ల మీదికి వాహనములు నడిపి నిరపరాధులను చంపినప్పుడు, ఆ రొట్టెల వాసన నడుమ ఏడ్చినవారి కొరకు మనమును ప్రార్థించితిమి. పిల్లల సంతోషము దేవునికి ఇష్టమైనదే. అయితే శిశువు పేరు పైన వ్రాసి, శిశువు జనులను బయట నిలుపుట సాధ్యమేనని ఆ బయలు మనకు చూపుచున్నది. అది నూరెంబర్గునకే చెల్లదు.

మన పితరులు ఊరి వెలుపలనుండి వచ్చినవారు. ఊరి బావి వారిది కాదు, ఊరి సంతలో ముట్టుకొనుట వారికి చెల్లదు. వారి యొద్దకు సువార్త వచ్చినప్పుడు, గవిని వెలుపల శ్రమపొందినవాడు తమవాడని వారు గుర్తుపట్టిరి. అట్టివారి బిడ్డలమైన మనము ఒకే గ్రామములో రెండు పేటలుగా నుండి, ఈ పేటవారి గుడికి ఆ పేటవారు రారు, ఆ పేటవారి క్రిస్మసు విందులో ఈ పేటవారు కూర్చుండరు. అక్కడొక నక్షత్రము, ఇక్కడొక నక్షత్రము, రెండు మైకులు ఒకదానిమీద ఒకటి అరచుచుండును. పెద్దలకు ఇది బాగుగా తెలియును. సభలలో దీనిని ఎత్తినప్పుడు మౌనముగా నుందురు. ఈ సంవత్సరము కొన్ని సంఘములవారైనను పందిరి ఒక్కటే వేయుదురని ఎదురుచూచుచున్నాము. కలిసి వేయదలచినవారు ఆగమన కాలపు రెండవ ఆదివారమునకు ముందే ఇరుపేటల పెద్దలను ఒకచోట కూర్చుండబెట్టవలెను. చివరి వారమునకు విడిచిన పని కాదు.

గృహ ప్రార్థనలు నడుపువారికి ఒక మనవి. క్రిస్మసు వారములో మత్తయి రెండవ అధ్యాయము చదువునప్పుడు, జ్ఞానులు కానుకలిచ్చి వెళ్లిన 12వ వచనము దగ్గర మనము గ్రంథము మూయుట వాడుక. ఈసారి 18వ వచనము వరకు చదువుడి. హేరోదు పంపిన మనుష్యులు, చంపబడిన బేత్లెహేము పిల్లలు, ఓదార్పు పొందనొల్లని తల్లి యందున్నారు. పిల్లలు ఎందుకని అడుగుదురు. తొందరపడి జవాబు చెప్పకుడి. మీకు తెలిసినంత చెప్పి, తరువాత వారితో కూడ మోకరించుడి.