చదువు అప్పు ఎవరి పద్దులో వ్రాయవలెను?

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 15:1-11, నెహెమ్యా 5:1-13, ఫిలేమోను 17-19



పౌలు చెరసాలలో నుండి ఫిలేమోనునకు పంపిన పత్రిక మన బైబిలులో ఒక్క పుట కూడ నిండదు. ఒనేసిము అను దాసుని మరల చేర్చుకొనుమని బతిమాలుకొనుచు, నడుమ పౌలు ఒక లెక్క సంగతి ఎత్తెను. బాకీ లేదని అతడు అనలేదు. ఉన్నను మరచిపొమ్మని అనలేదు. ఏమైన ఉంటే తన పద్దున వేసికొనుమని చెప్పి, తీర్చువాడు తానేయని స్వంత చేతితో వ్రాసి యిచ్చెను. మన ఊళ్లలో ప్రోనోటు మీద హామీ సంతకము పెట్టువాడు చేయు పనియే పౌలు చేసెను.

ఈ భాగమును ఇప్పుడు ఎందుకు ఎత్తుచున్నామనగా, కాలేజీలు తెరచు కాలము వచ్చినప్పుడెల్ల మాకు అందు ప్రార్థన చీటీలలో రోగముల కంటె ఫీజులే ఎక్కువగా కనబడుచున్నవి. "ఋణ విమోచన కొరకు" అని పైన వ్రాసి, క్రింద పిల్లవాని పేరు, చదువు పేరు వ్రాయుదురు. అదే ఇంటివారు టీ కొట్టు దగ్గర నిలుచుండి, చదువు అప్పులు మాఫీ చేయుట న్యాయమా, అట్లు చేసినయెడల కడుపు కట్టుకొని కట్టినవాని గతి ఏమి అని వాదించుచుందురు. రెండు మాటలలోను నిజమున్నది. అయితే మాఫీ అయిన అప్పు మంచువలె కరగిపోదు. ఒకని పద్దులో నుండి మరియొకని పద్దులోనికి పోవును. అది ఎవరి పద్దులోనికి పోయెనో, ఆ మనుష్యుడు దానికి ఒప్పుకొనెనో లేదో చూడకుండ, మాఫీ మంచిదని గాని చెడ్డదని గాని మనము తీర్పు చెప్పలేము.

ఉదయము ఏడు గంటలకు గుండుగొలను సెంటరులో నిలుచున్నయెడల, ఏలూరు వైపునకును తాడేపల్లిగూడెము వైపునకును పోవు కాలేజీ బస్సులు కనబడును. వాటిలోని పిల్లలలో బ్యాంకు యొద్ద చదువు అప్పు తీసికొన్నవారు కొద్దిమందియే. తక్కినవారి చదువు ప్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటు మీదను, తల్లి డ్వాక్రా సంఘములో తెచ్చిన సొమ్ము మీదను, చివరకు నూటికి రెండు రూపాయల వడ్డీ ప్రోనోటు మీదను నడచుచున్నది. అమెరికాలో అప్పు తిన్నగా విద్యార్థి పేరనే యుండును. మన యొద్ద అది ఇల్లంతటి మీద పరచుకొని యుండును. పేరు మాత్రము అప్పు అని పిలువరు.

ఫీజు రీయింబర్సుమెంటు సంగతి కొంచెము వివరముగా చూతము. 2008లో అప్పటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వము దీనిని విస్తరించినప్పుడు, కూలివాని కుమారుడు ఇంజనీరింగు తరగతిలో కూర్చుండుట మన కన్నులార చూచితిమి. మన సంఘములలో బి.సి.-సి పత్రము గల కుటుంబములకును అది అందెను. మేము దానిని తక్కువ చేసి మాటలాడము. చదువైన తరువాత అప్పు కొట్టివేయుట కంటె, అప్పే పుట్టకుండ ముందుగా భారము మోయుట మేలు. ప్రభుత్వము ఆనాడు, "ఈ పిల్లవాని ఫీజు నా పద్దున వ్రాయుము" అని కాలేజీతో చెప్పినట్టాయెను.

అయితే పద్దున వ్రాయించుకొన్నవాడు వేళకు చెల్లింపవలెను గదా! 2020లో ఆ పథకము పేరు విద్యా దీవెన ఆయెను. 2021 నుండి సొమ్ము తల్లుల ఖాతాలలో వేసిరి. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట మరల కాలేజీలకే వేయ నిశ్చయించిరి. పేరు మారెను, ఖాతా మారెను, గోడమీది బొమ్మ మారెను. బకాయిని మాత్రము దిగిపోవువారు ఎక్కువారికి అప్పగించుచునే వచ్చిరి. ఇందులో ఏ ఒక్క పక్షమును వేరుచేసి నిందించుటకు మాకు తోచదు.

ఆ ఆలస్యము ఎవరి పద్దులోనికి పోవుచున్నదో చూడుడి. ప్రభుత్వము 35 వేల రూపాయలు పంపవలసియున్నదనుకొనుడి. పరీక్ష ఫీజు కట్టించుకొనము, సర్టిఫికెట్లు ఇయ్యము అని కాలేజీవారు అందురు. తండ్రి ఆ 35 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టును. నెలకు 700 రూపాయలు వడ్డీ. ప్రభుత్వపు సొమ్ము ఏడాదిన్నర ఆలస్యమైనయెడల వడ్డీ 12,600 రూపాయలగును. ఆ తరువాత వచ్చు సొమ్ములో అసలే యుండును గాని ఈ 12,600 ఉండదు. ఉచితమని చెప్పబడిన చదువునకు కూలివాడు ప్రభుత్వము తరపున వడ్డీ కట్టుచున్నాడన్నమాట. సభలలో ఈ లెక్క ఎవరును చెప్పరు. (ఒరిజినల్ సర్టిఫికెట్లను ఆపి ఉంచుకొనరాదని యు.జి.సి. వారు 2018లోనే కాలేజీలకు ఆజ్ఞాపించిరి. అది తెలియక ఉద్యోగపు పిలుపు పోగొట్టుకొనకుడి. ఆ ఆజ్ఞ పేరు చెప్పి విశ్వవిద్యాలయమునకు అర్జీ పెట్టుకొనవచ్చును.)

రైతు ఋణముల మాఫీలోను ఇదే ప్రశ్న వచ్చెను. 2008 కేంద్ర బడ్జెటులో 60,000 కోట్ల రూపాయల మాఫీ ప్రకటింపబడెను. సన్నకారు, చిన్నకారు రైతుల బ్యాంకు బాకీని ప్రభుత్వమే బ్యాంకులకు చెల్లించెను గనుక చెల్లించినది ఎవరో తెలిసియున్నది. అర్హులు కొందరు విడువబడిరనియు, అనర్హులు కొందరు పొందిరనియు 2013లో కాగ్ నివేదిక చెప్పెను. మన డెల్టాలో అంతకు మించిన చిక్కు ఒకటి కలదు. దున్నువాడు కౌలురైతు, బ్యాంకు పుస్తకము భూయజమాని పేరనున్నది. మాఫీ పుస్తకమునకు వచ్చును, కౌలుదారుని ప్రోనోటునకు రాదు. 2014 తరువాత మన రాష్ట్రములో జరిగిన మాఫీని విడతలుగా ఇచ్చెదమని పత్రములిచ్చిరి. 2019లో ప్రభుత్వము మారగానే చివరి విడతలు ఆగిపోయినవి. ఆ పత్రములు ఇప్పటికిని కొందరి పెట్టెలలో నున్నవి.

చదువు అప్పుల విషయములో మన బ్యాంకుల పద్ధతి కొందరికి తెలియదు. 4 లక్షల వరకు ఆస్తి తనఖా అడుగరు గాని, తల్లియో తండ్రియో విద్యార్థితో కూడ సంతకము పెట్టవలెను. సాధారణముగా చదువు కాలమును, తరువాత ఒక సంవత్సరమును కిస్తీ ఉండదు. అయితే వడ్డీ లెక్క కట్టబడుచునే యుండును. తలిదండ్రుల ఆదాయము ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటని వారికి ఆ కాలపు వడ్డీని కేంద్రము భరించు ఏర్పాటు 2009లో వచ్చినది. ఇంకొక మాట: బ్యాంకువారు తమ పుస్తకములో రాని బాకీగా కొట్టివేయుట మాఫీ కాదు. అది వారి లెక్కల సర్దుబాటు. అప్పు అప్పుగానే యుండును, నోటీసు రానే వచ్చును.

అమెరికా సంగతి మన ఊళ్లలో గట్టిగా చెప్పుకొనిరి. 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ గారు ఒక్కొక్కరికి 10,000 డాలర్ల వరకును, బీద విద్యార్థులకిచ్చు పెల్ గ్రాంటు పొందినవారికి 20,000 డాలర్ల వరకును చదువు అప్పు తగ్గింతుమనిరి. కాంగ్రెసు సభ అధికారమియ్యక అంత మాఫీ చేయరాదని 2023 జూన్ 30న అక్కడి సుప్రీం కోర్టు కొట్టివేసెను. మన పిల్లలు ఎం.ఎస్. చదువులకై ఇక్కడి బ్యాంకులలో చేసిన అప్పునకు దానితో సంబంధమే లేదు. కాని అక్కడ లేచిన వాదము మనకును పనికివచ్చును. నేను కట్టితిని, వానికి ఎందుకు మాఫీ? నేను కాలేజీ గడపే తొక్కలేదు, నా పన్నుతో వాని అప్పు ఎందుకు తీర్చవలెను?

ఇట్టి వారి నోరు మూయుటకు బోధకులు సాధారణముగా మత్తయి 20లోని ద్రాక్షతోట పనివారి ఉపమానము ఎత్తుదురు. ఇక్కడ దానిని వాడుట తగదని మా అభిప్రాయము. ఆ యజమాని చివరి గంటకు వచ్చినవానికి నిండు కూలి ఇచ్చినది తన స్వంత సంచిలో నుండి. ప్రభుత్వపు సంచి అట్టిది కాదు. కొల్లేటి చెరువుల గట్టున చేపలు ఎత్తు కూలి స్త్రీ సబ్బు కొన్నను, ఫోను రీచార్జి చేసికొన్నను పన్ను కట్టుచున్నది. విదేశమునకు 40 లక్షల అప్పుతో వెళ్లి, తీర్చగల సామర్థ్యము గలవాని బాకీని ఆమె పన్నుతో తీర్చినయెడల, అది ఔదార్యము కాదు. ఒకరి చేత మరియొకరి పేర దానము చేయించుటయే. నర్సింగు చదివి, ఆసుపత్రిలో ఇచ్చు జీతము వడ్డీకే చాలక, తండ్రి చనిపోగా ఇల్లు మోయుచున్న పిల్లకు మూడు లక్షల బాకీ తగ్గించిన యెడల ఆ కూలి స్త్రీయే ఒప్పుకొనునని మేము నమ్ముచున్నాము. తీర్చలేనివానిని, తీర్చనొల్లనివానిని ఒకే గాట కట్టు మాఫీని ఎన్నికలకు ముందు ప్రకటించుట సులభము, ఎందుకనగా అందులో విచారణ అక్కరలేదు.

కేరళ ప్రభుత్వము 2017లో చేసిన ఏర్పాటు ఇంతకంటె ఆలోచనతో కూడినది. 4 లక్షల వరకు గల మొండి బాకీలలో 60 పాళ్లు ప్రభుత్వము, 40 పాళ్లు విద్యార్థి భరించునట్లు నిర్ణయించి, దానికి 900 కోట్ల రూపాయలు వేరుగా చూపిరి. ఎవరి పద్దున ఎంతయో కాగితము మీద నుండెను.

ద్వితీయోపదేశకాండము 15లో ఏడవ యేట ఋణములు విడిచిపెట్టు ధర్మము కలదు. ఆ ధర్మశాస్త్రమే మనుష్యుల గుణము నెరిగి, గడువు దగ్గరపడినదని బీదవానికి అప్పు ఇయ్యక ముఖము త్రిప్పుకొనకుమని హెచ్చరించినది. ఆ హెచ్చరిక చాలలేదు. ప్రభువు కాలమునకు కొంచెము ముందుండిన హిల్లేలు అను బోధకుడు, ధనికులు అప్పు ఇయ్యక బిగదీసికొనుట చూచి, బాకీని న్యాయసభకు అప్పగించు ప్రొస్బూల్ అను పత్రమును ఏర్పరచెను. ఆ పత్రమున్న బాకీ ఏడవ యేట కూడ వసూలు చేసికొనవచ్చును. బీదవానికి అప్పు దొరికెను గాని విడుదల పోయెను. మాఫీ మాట వినబడిన యేడు బ్యాంకు మేనేజరు కొత్త అప్పునకు వెనుకాడిన యెడల మనము ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇక నెహెమ్యా 5వ అధ్యాయము. కరవులో పొలములు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టి, రాజునకు పన్ను కట్టుటకు అప్పు తెచ్చి, చివరకు పిల్లలనే దాస్యమునకు పంపిన జనులు మొరపెట్టిరి. నెహెమ్యా రాజు బొక్కసము నుండి సొమ్ము తెచ్చి తీర్చలేదు. అప్పు ఇచ్చిన పెద్దలనే సభలో నిలువబెట్టెను. తానును తన బంధువులును అప్పు ఇచ్చినవారిలో నున్నామని దాచలేదు. నూరవ పాలు కూడ తిరిగి ఇయ్యవలెనని అడిగెను. నూరవ పాలు అనగా నెలకు నూటికి ఒకటి యని చాలమంది వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. మన భాషలో రూపాయి వడ్డీ. ఆ రూపాయి వడ్డీని గూర్చి అంత సభ జరిగెను! మన ఊళ్లో రెండు రూపాయలు ధర్మవడ్డీ అని పేరు పొందినది.

రెండు రూపాయల వడ్డీ 50 నెలలలో అసలంత యగును. అనగా ఇంజనీరింగు చదువు ముగిసి పిల్లవాడు పని వెదకు వేళకు అప్పు రెట్టింపు. ఏ ప్రభుత్వపు మాఫీయు ఈ ప్రోనోటును అంటలేదు. ఒకప్పుడు మాత్రము చట్టము దాని వరకు వచ్చెను. 1938లో మన జిల్లా మద్రాసు రాష్ట్రములో నున్నప్పుడు, రాజాజీ గారి మంత్రివర్గము చేసిన ఋణ విమోచన చట్టము, రైతుల పాత అప్పులలో నిలిచిపోయిన వడ్డీని రద్దు చేసి, అసలుకు రెండింతలు అప్పటికే ముట్టినచో అప్పు తీరినదని చెప్పెను. భారము అప్పు ఇచ్చినవాని పద్దున పడెను.

ఈ సంగతి మన గుమ్మము వరకు వచ్చుచున్నది. పొలము అమ్మిన సొమ్మో, గల్ఫ్ నుండి పంపిన సొమ్మో వడ్డీకి తిప్పువారు మన సంఘములోను ఉన్నారు. తీసికొన్నవారును ఆ వరుసలోనే కూర్చుండుచున్నారు. అందరును ధనికులు కారు. భర్త పోయిన ఒక తల్లి యాభై వేలు వడ్డీకిచ్చి ఆ వెయ్యి రూపాయలతో మందులు కొనుక్కొనుచున్నదనుకొనుడి. ఆమెను నెహెమ్యా కాలపు ప్రధానులతో సమానముగా నిలువబెట్టి అడుగుట న్యాయము గాదు, మేము అడుగము. అసలును మించి వడ్డీ ముట్టిన నోట్లు మాత్రము వేరు. అట్టివి పిల్లల చదువు నిమిత్తము వ్రాసినవి మన మధ్య కొన్ని ఉన్నవని ఎరుగుదుము. వాటి విషయమై ఆదివారము ఆరాధన తరువాత ఇచ్చినవారును తీసికొన్నవారును కలిసి మా యింటికి రావచ్చును. నోటు తెచ్చుకొనుడి, ఇంతవరకు ముట్టిన సొమ్ము లెక్క కూడ తెచ్చుకొనుడి.