నల్లటి ఆయిల్‌లో మెరుపు





పోయిన పౌర్ణమి రోజు మన విహారంలో వందన అయిపోయి, అందరూ లేవబోతుండగా ఒక అక్క నిలబడి ఒక మాట అడిగింది. మీలో చాలామంది విన్నారు. "మా అబ్బాయికి సంబంధం వచ్చింది. పిల్లవాళ్లది బౌద్ధ కుటుంబమే. మా ఇంట్లో ఉన్నట్టే వాళ్లింట్లోనూ బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం ఉన్నాయి. అయినా మా ఆయన మొట్టమొదట అడిగింది ఏంటంటే, వాళ్లు మాలలా, మాదిగలా అని. మరి మేం దీక్ష తీసుకున్నట్టా, తీసుకోనట్టా?"

హాలంతా చప్పుడు లేదు. ఆవిడ భర్త తల వంచుకుని చాప వైపు చూస్తూ కూర్చున్నాడు. పెద్దలెవరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. ఈ నెలంతా ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. నాకు పాళీ రాదు. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ బండ్లు బాగుచేసుకుంటూ బతికినవాణ్ణి. అందుకని నాకు తెలిసిన పనిలోంచే చెప్తాను, ఓపిక పట్టండి.

బండికి ఆయిల్ మార్చడం చూసే ఉంటారు. ఇంజను కాసేపు నడిపి వేడెక్కాక, కింద చాంబరుకి ఉన్న డ్రైన్ బోల్టు విప్పుతాం. పాత ఆయిల్ బేసిన్‌లోకి దిగుతుంది. డీజిల్ బండిదైతే తారులాగా నల్లగా ఉంటుంది. కొత్తగా బండి కొన్నవాళ్లు అది చూసి హడలిపోతారు. "అయ్యో, ఇంత నల్లగా ఉందేంటి, ఇంజను పాడైపోయిందా?" అంటారు. కాదయ్యా. లోపల మండినప్పుడు పుట్టే మసిని ఎక్కడా పేరుకోనివ్వకుండా తనలో కలుపుకుని మోయడమే ఆయిల్ పని. నల్లబడిందంటే పనిచేసిందని అర్థం. (నలుపు చూస్తే చెడ్డదనుకునే అలవాటు ఈ దేశంలో ఎక్కణ్ణించి వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు.)

భయపడాల్సింది నలుపు చూసి కాదు, మెరుపు చూసి.

మాకు పని నేర్పిన మేస్త్రి ఆయిల్ దించగానే పారబోయనిచ్చేవాడు కాదు. బేసిన్‌ని ఎండలోకి తీసుకెళ్లి మెల్లగా తిప్పమనేవాడు. కాసింత వేలికి రాసుకుని బొటనవేలితో నలపమనేవాడు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ముక్క ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. దాన్ని ఆయిల్‌లో ముంచితే బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకునేది. "ఇది మామూలే. ఇనుమూ ఇనుమూ రాసుకుంటే ఈమాత్రం అరుగుతుంది" అనేవాడు. కొత్త ఇంజనుకైతే మొదటి సర్వీసులో ఈ పొడి ఇంకా ఎక్కువే వస్తుంది. పళ్లూ పళ్లూ, రింగూ బోరూ ఒకదానికొకటి సర్దుకునే కాలం అది. వేలికి గుచ్చుకునే పలుకు వస్తే మాత్రం వేరే సంగతి. ఏ రింగో విరిగి ఉంటుంది, లేదా ఏ పన్నో లేచిపోయి ఉంటుంది.

అన్నిటికంటే మోసం చేసేది రాగి రంగు తళుకు. ఎండలో తిప్పితే నల్లటి ఆయిల్‌లో బంగారం కలిపినట్టు ఉంటుంది. చూడ్డానికి ముచ్చటేస్తుంది కూడా. అయస్కాంతానికి అంటదు. అది క్రాంకు మీద కూర్చునే బేరింగు షెల్లు. పైన పల్చటి మెత్తటి పూత, దాని కింద రాగి కలిసిన పొర, వెనక ఉక్కు. రాగి రాలుతుందంటే పై పూత ఎప్పుడో అరిగిపోయిందన్నమాట. బయటి నుంచి చూస్తే బండి బాగానే నడుస్తుంటుంది. శబ్దం ఉండదు, పొగ ఉండదు. ఆ సంగతి ఆ బేసిన్‌కి ఒక్కదానికే తెలుసు.

ఒక శనివారం సాయంత్రం, కూరగాయల లోడు తోలే మన కాలనీ కుర్రాడు ఒకడు వ్యాను తెచ్చాడు. "బాబాయ్, ఆయిల్ మార్చెయ్, తెల్లారుజామున మార్కెట్‌కి పోవాలి" అన్నాడు. ఆయిల్ దించాను. లైటు కింద బేసిన్ కదిపితే రాగి మెరిసింది. నేను చూశాను. చూసి కూడా వేస్టు డ్రమ్ములో పోసేశాను. సెంట్రింగ్ రేకులకి రాయడానికి పట్టుకెళ్తారు కదా, ఆ డ్రమ్ములో. కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ వేసి డబ్బులు తీసుకున్నాను. ఎందుకు చెప్పలేదు? చెప్తే చాంబరు విప్పాలి, వాడికి లోడు పోతుంది, వాడు గొడవపడతాడు, నాకు ఇంటికెళ్లే టైమైంది. ఇంతే. నెల తిరక్కుండానే హైవే మీద రాడ్డు తెగి బ్లాకు పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆ రాత్రి చెప్పి ఉంటే షెల్లు మార్చి, క్రాంకు చూసుకుంటే సరిపోయేది. వాడు అప్పు చేసి వేరే ఇంజను వేయించుకున్నాడు. వేసింది కూడా నేనే. అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ధమ్మం దగ్గరికి వద్దాం. మజ్ఝిమ నికాయంలో భగవానుడు కొడుకు రాహులుడికి చేసిన బోధ ఒకటి ఉంది. రాహులుడు అంబలట్ఠికలో ఉంటున్నప్పటిది. తథాగతుడు కాళ్లు కడుక్కుని చెంబులో కాసిన్ని నీళ్లు మిగిల్చాడు. వాటిని చూపించి, తెలిసి తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడనివాడి శ్రమణత్వం ఇంతే అన్నాడు. ఆ నీళ్లు పారబోసి, చెంబు బోర్లించి, మళ్లీ వెల్లకిలా తిప్పి, వట్టి చెంబు చూపించాడు. తరవాత అడిగాడు, అద్దం దేనికి అని. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ప్రతి పనినీ చేయబోయే ముందు చూసుకో, చేస్తూ చూసుకో, చేసిన తరవాత కూడా చూసుకో అని చెప్పాడు. చేతితోనో మాటతోనో చేసింది చెడ్డదని తరవాత తెలిస్తే, గురువు దగ్గరో తోటి సాధకుల దగ్గరో విప్పి చెప్పి, ఇకముందు చేయకుండా ఉండమన్నాడు. మనం తరచూ మర్చిపోయేది ఈ మూడో చూపునే. చేసేశాక చూడటమంటే, దించిన ఆయిల్‌ని పారబోయకుండా ఎండలోకి తీసుకెళ్లడమే.

అదే నికాయంలో సారిపుత్తుడు చెప్పిన అనంగణ సుత్తం ఉంది. బజారు నుంచి దుమ్ముపట్టిన కంచు పాత్ర తెచ్చారనుకోండి. వాడకుండా, తోమకుండా మూల పడేస్తే ఇంకా మకిలి పడుతుంది. తోమి వాడుకుంటే తళతళలాడుతుంది. లోపల మకిలి ఉన్నవాళ్లు ఇద్దరుంటారు, ఉందని తెలిసినవాడు, తెలియనివాడు. ఇద్దరికీ ఉన్నది ఒకే మకిలి. అయినా తెలిసినవాడే మెరుగంటాడు సారిపుత్తుడు. ఎందుకంటే వాడే తోమడం మొదలుపెడతాడు.

అక్కా, నీ ప్రశ్నకి నా లెక్కలో జవాబు ఇది. మీ ఆయన నోట ఆ మాట రావడం వల్ల మీ దీక్ష అబద్ధం అయిపోలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ తీసుకుని, లక్షల మందికి ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులందరూ సమానమే అన్న నమ్మకం ఉంది. ఆ రోజు మనం పాత ఆయిల్ దించి కొత్తది పోసుకున్నాం. కానీ కులం బయటి నుంచి పడిన ఇసక కాదు. అది బేరింగుల్లోంచే రాలుతుంది. 1936లో లాహోర్ సభ కోసం రాసి, చదవడానికి వీల్లేకపోయిన ప్రసంగంలో బాబాసాహెబ్ చెప్పింది ఇదే. కులం ఇటుక గోడ కాదు, మనసులో ఉండే స్థితి అన్నాడు. దానికి అసలు మందు కులాంతర వివాహమే అని కూడా అందులోనే చెప్పాడు. నిచ్చెనమెట్ల అసమానతలో ఉన్న కిటుకు ఏంటంటే, అడుగున ఉన్నవాడికి కూడా నీ కింద ఇంకొకడున్నాడని ఒక మెట్టు చూపిస్తుంది. ఆ మెట్టు మీద నిలబడితే మనకి కాస్త ఎత్తుగా, కాస్త మెరుస్తున్నట్టుగా ఉంటుంది. మీ ఆయన నోట మాట బయటికొచ్చింది కాబట్టి నువ్వు చూశావు. చూసి పారబోయలేదు, నలుగురి ముందుకీ తెచ్చావు. మా మేస్త్రి చెప్పిన పద్ధతి అదే.

ఇక ఆ రోజు నేనెందుకు నోరు మెదపలేదో చెప్పాలి. మా పెద్దమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఈ విహారంలోనే పిల్లలకి త్రిశరణ పంచశీల నేర్పేవాడు. మంచివాడు, ఉద్యోగం ఉంది. "అమ్మాయి ఇంకా చదువుకుంటోంది, ఇప్పుడే చేయం" అని చెప్పి పంపేశాను. అమ్మాయి చదువు అప్పటికే అయిపోయింది. కారణం మీరందరూ ఊహించిందే. ఆ వారమే నేను ఇక్కడ నిలబడి పంచశీలలో నాలుగోది కూడా మీతో పాటు చెప్పాను. ఆ చెంబులో ఆ మాత్రం నీళ్లు కూడా లేవు.

మొన్న ఆదివారం వ్యాను అబ్బాయి ఇంటికెళ్లి, ఆ శనివారం సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అప్పుడే చెప్తే ఒక్క రోజు లోడు పోయేది బాబాయ్" అన్నాడు. అప్పులో నా వంతు ఎంతో తేల్చమన్నాను, ఇంకా తేల్చలేదు. అక్కణ్ణించి ఆ కుర్రమాస్టారి ఇంటికి కూడా వెళ్లాను. అతనికి పెళ్లై ఒక పాప ఉంది. నేను అసలు కారణం చెప్తే, "నాకు అప్పుడే తెలుసు సార్" అన్నాడు. టీ ఇచ్చాడు.

అక్కా, ఈ ఆదివారం మీ ఆయన పిల్లవాళ్ల ఇంటికి వెళ్తున్నాడని విన్నాను. ఒక్కణ్ణీ పంపకు. నేను కూడా వస్తాను, పొద్దున తొమ్మిదింటికి విహారం దగ్గర ఉంటాను.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.