తొట్లకొండ దారికి చెప్పులు

 

ఉపాసకులారా, ఉపాసికలారా! మన తాడేపల్లి నుంచి విశాఖ తీరానికి ధమ్మయాత్ర అనుకుంటున్నాం కదా. తెల్లవారకముందే తొట్లకొండ ఎక్కి, బావికొండ చూసుకుని, సముద్రం పక్కగా నడిచి భీమిలి పావురాలకొండ దగ్గర ముగించాలని. అదీ ఒక్క రోజులో. ఎక్కడం దిగడం కలుపుకుంటే పదిహేను కిలోమీటర్లకు తక్కువ ఉండదు. కుర్రాళ్ళు "ఓస్, అంతేనా" అంటున్నారు. మిరపచేలో నడుం వంచే అక్కలు మాత్రం ఏమీ అనలేదు. వాళ్ళు ఏమీ అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

పోయినేడు ఉండవల్లి నుంచి అమరావతికి నడిచాం. జెండా పట్టుకుని ముందు నడిచినవాణ్ణి నేనే. వెనక ఒక పెద్దమ్మ తెగిపోయిన హవాయి చెప్పుకి పిన్నీసు పెట్టుకుని, అరికాలు బొబ్బలెక్కినా నోరు విప్పకుండా వచ్చింది. సాయంత్రం కాళ్ళు కడుక్కునేటప్పుడు చూశాను. "చెప్పలేదేం పెద్దమ్మా" అంటే, "అందరూ జై భీమ్ అంటా ఉషారుగా పోతన్నారు, నా గోల ఎందుకులే అయ్యా" అంది. తప్పు ఆమెది కాదు.

సోణుడి కథ మీలో కొందరు విన్నారు. చంపానగరంలో గొప్ప ధనవంతుడి బిడ్డ. భిక్షువై, పట్టుదలతో నడుస్తూ ధ్యానం చేసి చేసి, నడిచిన దారంతా పాదాల నెత్తుటితో తడిసిపోయింది. బుద్ధుడు వచ్చి వీణ తీగ మాట చెప్పాడు. మరీ బిగిస్తే పలకదు, వదులు చేసినా పలకదు. ఇంతవరకు అందరూ చెప్తారు. దాని తర్వాతదే నాకు ముఖ్యం. నీవి సుకుమారమైన పాదాలు, చెప్పులు వేసుకో అన్నాడు బుద్ధుడు. సోణుడు ఒప్పుకోలేదు. సంఘానికంతా అనుమతిస్తేనే నేనూ వేసుకుంటాను, లేకపోతే వద్దన్నాడు. అప్పుడు భిక్షుసంఘమంతటికీ ఒకే పొర చెప్పులు అనుమతించాడు. వినయపిటకంలో ఉన్న సంగతి ఇది.

మన తాతలు పెద్ద వీధి దాటేటప్పుడు చెప్పులు చేతపట్టుకుని నడిచారు. ఆ చెప్పులు కుట్టిన చేతులూ మనవాళ్ళవే. అలాంటి మనకి ఈ కథ ఊరికే కథ కాదు. స్తూపం దగ్గర మనంతట మనం చెప్పులు విప్పడం వేరు, ఎవరో విప్పించడం వేరు.

ఇక రోజు సంగతి. వైశాఖ పౌర్ణమికే వెళ్ళాలని కొందరి పట్టు. మే నెల ఎండలో ఆ రాతికొండ మీద ముసలివాళ్ళని నిలబెడితే అది శ్రద్ధ కాదు, ప్రమాదం. వానాకాలం మూడు నెలలు భిక్షువులను తిరగొద్దని బుద్ధుడు ఎందుకన్నాడు? పచ్చగడ్డినీ పురుగుపుట్రనూ తొక్కేస్తున్నారని జనం తప్పుపట్టారు. ఆ మాట విని వర్షావాసం పెట్టాడు. తిథి కాదు, రుతువు చూశాడు. మనకి అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. ఫిబ్రవరి అంటే మిరపకోతలు ముమ్మరం. కాబట్టి సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి మూడో వారం.

అసలు ఆ కొండల మీద ఏముందని అడిగేవాళ్ళున్నారు. ఇది మళ్ళీ తీర్థయాత్రేగా అని ఎగతాళి చేసేవాళ్ళూ ఉన్నారు. మనం మొక్కు తీర్చడానికి పోవడం లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల తర్వాత మొక్కులతో మనకి పనేంటి? మన పూర్వుల ఇల్లు చూడటానికి పోతున్నాం. బావికొండలో 1982 నుంచి, తొట్లకొండలో 1988 నుంచి తవ్వకాలు జరిగాయి. సముద్రానికి సుమారు 128 మీటర్ల ఎత్తున స్తూపం, చైత్యాలు, విహారాలు, వంటశాల, భోజనశాల. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఓడల మీద వచ్చిన వర్తకులు అక్కడికి ఎక్కారన్నమాట. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లే ఆ కొండకి పేరు తెచ్చాయి. నాకు స్తూపం కంటే ఆ తొట్లే ఎక్కువ నచ్చుతాయి. వానచుక్క పోకుండా ముందుచూపుతో తొలిచిన తొట్లవి. 1927లో మహద్ చెరువు నీళ్ళ కోసం నడిచిన నాయకుడి పిల్లలం మనం, వాటి ముందు కాసేపు కూర్చోవాలి.

మన నీళ్ళు మాత్రం మనమే మోసుకుపోవాలి. మనిషికి మూడు లీటర్లు, ఉప్పు వేసిన మజ్జిగ, నెత్తికి తువ్వాలు. ఎర్రమట్టి దిబ్బల్లో గుంపు విడిచి లోయల్లోకి దిగొద్దు, దారి తప్పుతారు. సముద్రంలోకి స్నానానికి ఎవరూ దిగకూడదు. అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి, ఈత వచ్చినవాళ్ళని కూడా. పదకొండింటి నుంచి మూడింటి దాకా నీడపట్టున ఆగుదాం. చీకటి పడేలోపు భీమిలి చేరలేకపోతే పావురాలకొండ వదిలేసి ఆటో ఎక్కుదాం, అందులో సిగ్గేమీ లేదు. ముందు నడిచేది కుర్రాళ్ళు కాదు, అందరికంటే నిదానంగా నడిచే మనిషి. జెండా ఆమె చేతికే.

ఇంకో మాట. రైలు ప్రయాణంతో కలిపి మూడు రోజుల కూలి పోతుంది. దానం అంటే దానపెట్టెలో నోటు వేసి దండం పెట్టడమే అనుకోవద్దు. నెలజీతం వచ్చేవాళ్ళం తలా కొంత వేసి, కూలికి పోయే అక్కలకి ఆ మూడు రోజుల కూలీ కట్టిద్దాం. జమాఖర్చు విహారం గోడకి అంటిస్తాం. చెప్పులు లేనివాళ్ళకి బెల్టు చెప్పులు కూడా ఆ డబ్బుతోనే.

ఆదివారం వందన అయ్యాక పేర్లు రాసుకుంటాం. ఇచ్చేవాళ్ళు పేరుతో పాటు వయసు, బీపీ, షుగరు మాత్రలు వాడుతుంటే ఆ సంగతి, చెప్పుల సైజు కూడా రాయించండి.